ఒంటిచెవి సింహం

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహా వీరగాథ. ఇందులో కర్నూలు నవాబు ఉన్నాడు, యుద్ధం ఉంది, కత్తి దెబ్బ తిన్న సింహం ఉంది, మా వంశం పరువు ఉంది. ఇంత చెప్పినాక దాచడం మర్యాద కాదు. ఉన్నది ఒక ఊరగాయ జాడీ. సింహం దాని పొట్ట మీద ఉంది. నవాబు మా చిన్నాయన నోట్లో ఉన్నాడు.

జాడీ ఉండేది పత్తికొండలో, మా జేజి మంచం కింద. జేజి అంటే మా నాయనమ్మ. తేనె రంగు మెరుపు, మెడ చుట్టూ ద్రాక్షతీగ, ముందుపక్క ఉబ్బెత్తుగా సింహం తల. సింహానికి ఎడమ చెవి లేదు. నవాబు గుర్రం బావిలో పడితే మా తాతల్లో ఎవరో కాపాడినాడనీ, నవాబు మెచ్చి జాడీ ఇచ్చినాడనీ, తరువాత తెల్లోడి కత్తి తగిలి చెవి తెగిందనీ చిన్నాయన కథ. గుర్రాన్ని కాపాడినోడికి భూమి ఇయ్యకుండా జాడీ ఎందుకిచ్చినాడని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ప్రశ్న వేస్తే కాఫీ రాదు.

చిన్నాయనకు బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ. మొన్న కర్నూల్లో ఇల్లు కట్టి, హాలు గోడకు గూడు పెట్టించి, అందులో లైటు కూడా వేయించినాడు. లైటు వెలుగుతోంది, కింద ఏమీ లేదు. జాడీ కావాలన్నాడు.

"నవాబు సొత్తు మంచం కింద పెట్టుకుంటే మర్యాదేనామ్మా?"

"వచ్చే నెల మామిడికాయలు దిగుతాయి. ఊరగాయ యాడ పెట్టేది, నీ నెత్తినా?" అనింది జేజి.

పంచాయితీ తెగక నా మీద పడింది. నేను డిగ్రీలో చరిత్ర చదివినాను, ఉద్యోగం లేదు. ఇంతకు మించిన అర్హత ఏముంటుంది? నవాబుదని తేలితే గూట్లోకి, కాకుంటే మంచం కిందికి. తన వస్తువు నాసిరకమని తేలాలని దేవుడికి మొక్కుకున్న మనిషిని నేను మొదటిసారి చూసినాను, అది మా జేజి.

ఫోన్లో ఫొటో పెట్టి వెతికితే మొదట పూలకుండీ అనింది, తరువాత నీళ్ల ఫిల్టరు, ఆఖరికి కుక్క. చేసినోళ్ల ముద్ర ఉంటే అడుగున ఉండాలి. అడుగు చూడాలంటే జాడీ బోర్లించాలి. బోర్లించాలంటే పోయినేటి ఊరగాయ అయిపోవాలి. వేరే గిన్నెలోకి మారిస్తే చెడిపోతుందని జేజి ఒప్పుకోలేదు. చరిత్ర పరిశోధన కోసం ఇంటిల్లిపాదీ మూడు పూటలా ఊరగాయే తిన్నాం. మా నాయనకు కడుపులో మంట పట్టుకుంది. చివరికి కడిగి బోర్లిస్తే అడుగున పూత లేని బూడిదరంగు మట్టి. అక్షరం లేదు, ముద్ర లేదు.

"చూసినావా? పేరు రాసుకునేది అంగళ్లోళ్లు. నవాబుకెందుకురా?" అన్నాడు చిన్నాయన.

ముద్ర ఉంటే సాక్ష్యం, లేకుంటే ఇంకా పెద్ద సాక్ష్యం. ఈయన ఎలక్షన్లో ఎందుకు నిలబడలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

దిక్కుతోచక జేజి మంత్రాలయం పోదామనింది. దర్శనం అయినాక భోజనానికని ఒక హోటల్లోకి పోయినాం. గల్లాపెట్టె పక్కన ఇంకో జాడీ ఉంది. అదే తేనె రంగు, అదే ద్రాక్షతీగ, అదే సింహం. ఎడమ చెవి లేదు.

వంగి ఆ చెవి తావును వేలితో తడిమినాను. విరిగిన గరుకు లేదు. నున్నగా, పైన మెరుపు పూతతో సహా ఉంది. అంటే కాల్చకముందే చెవి లేదు, అచ్చులోనే లేదు. తెల్లోడు కత్తి దూసింటే ఆ అచ్చు మీదే దూసుండాల.

"ఏమప్పా, లేని చెవిలో ఏం చెప్తాండావు?" అన్నాడు హోటలాయన.

"ఇది యాడిదన్నా?"

"నెల్లూరు పక్క గూడూరుది. మా నాయన కాలంలో లారీల్లో వస్తాండె. ఊరూరా అమ్మినారు."

"ముద్ర లేదే?"

"కాయితం అంటిస్తాండ్రి. ఒకసారి కడిగితే పోతాది. నీకు జాడీ గావాల్నా ఏమి? నేను అమ్మను."

జేజి ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆయన భయపడి జాడీని గల్లాపెట్టె వెనక్కి జరుపుకున్నాడు.

ఇంటికొచ్చి మా సింహాన్ని కూడా తడిమినాను. అదే నున్నదనం. ఫొటోలు పంపి చిన్నాయనకు ఫోన్ చేసినాను. గూడూరు సంగతి చెప్పినాను.

"అయితే ఆ హోటలోళ్ల తాత కూడా నవాబు గుర్రాన్ని కాపాడింటాడు."

"గుర్రం ఎన్నిసార్లు పడింది చిన్నాయనా?"

ఫోన్ పెట్టేసినాడు. కర్నూలు గూట్లో ఇప్పుడు వైఫై డబ్బా ఉంది. లైటు దాని మీదే పడుతోంది.

మామిడికాయలు దిగినాయి, ముక్కలు కొట్టడం అయింది. జాడీని కడిగినాక బాగా ఎండలో పెట్టాలి. లోపల తడి మిగిలితే ఊరగాయ బూజు పడుతుంది.