లేచి నిలబడే పాఠం

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడూ పదికి కరెంటు పోయింది. బర్మాలో మా పేట పజుండౌంగ్‌లో గుడి వెనక గదిలో ఫ్యాను ఆగింది. మా అన్నయ్య కిటికీలు తెరిచి, "ఈ గాలి సాల్దేటి? కూకోండి" అని పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టాడు. తొమ్మిది మంది వచ్చారు. ఆదివారం తెలుగు క్లాసులో ఏడాదికోసారి చెప్పే పాఠం ఆ రోజు.

అది ఒక అమెరికా పెద్దమనిషి జీవితం. ఆ దేశానికి స్వతంత్రం తెచ్చినవాళ్లలో ఒకడు. ఊళ్లోనే చౌక్తడా పేటలో గుమాస్తాగా పనిచేసే రోజుల్లో అన్నయ్య కాలిబాట మీద అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాడు. పాఠం అందులోంచి తయారుచేసుకున్నాడు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో మూటలు మోసినవాళ్లు. ఆ సంగతి చెప్పుకోవడానికి పిల్లలు సిగ్గుపడుతున్నారని తన బాధ. కొవ్వొత్తులు చేసేవాడి కొడుకు, రెండేళ్లే బడికి వెళ్లినవాడు, ఏమేం చేశాడో వాళ్లకి తెలియాలనేవాడు.

చెప్పే పద్ధతి మాత్రం అన్నయ్యదే. ఆ పెద్దమనిషి చేసిన ఒక్కో పని పేరు చెప్పి, ఆ పాఠానికని వచ్చిన మన పెద్దవాళ్లలో ఆ పని తెలిసినవారిని లేచి నిలబడమనేవాడు. అచ్చు పని అనగానే ప్రెస్సులో అక్షరాలు కూర్చిన తాత లేచేవాడు. దగ్గరికీ దూరానికీ ఒకే కళ్లద్దాలు అంటే అద్దాల కొట్టు బాబాయి. ఉత్తరాల శాఖ అంటే పోస్టాఫీసులో రిటైరైన మావయ్య. పిడుగుని నేలలోకి దింపే ఇనప కడ్డీ అంటే వైరింగు పని చేసే ఆయన. చివరికి పెద్దవాళ్లందరూ నిలబడి ఉండేవారు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

ఆ మనిషి ఇంట్లో బానిసల్ని ఉంచుకున్నాడనీ, ముసలితనంలో బానిసత్వం పోవాలని పాటుపడ్డాడనీ రెండూ చెప్పేవాడు. "ఒకటి సెప్పి ఒకటి దాసీడానికి ఆడేటి మన సుట్టమా?" అనేవాడు.

ఏళ్లు గడిచాయి. ప్రెస్సు తాత, వైరింగు ఆయన పోయారు. మావయ్య తన కొడుకు దగ్గరికని విశాఖపట్నం వెళ్లిపోయాడు. అద్దాల కొట్టు మూతపడింది, బాబాయి మంచాన పడ్డాడు. ఆ ఆదివారం పెద్దవాళ్లమంటూ ఉన్నది అన్నయ్యా నేనూ.

"అచ్చు పని" అంటూ అన్నయ్యే లేచాడు. గుడి కరపత్రాలు వేయించేది తనే మరి. "ఉత్తరాలు" అని మళ్లీ లేచాడు. ముసలివాళ్లకి ఇండియా చుట్టాల పేర కబుర్లు రాసిపెట్టేదీ తనే. ఇనప కడ్డీ దగ్గరా తనే. గుడిలో ఫ్యూజు పోతే ఇంకెవరూ లేరు.

తామ్వే పేట నుంచి వచ్చే అమ్మాయికి నవ్వు ఆగలేదు. పంతుల్ని ఇక్కడ సాయా అంటారు, పంతులమ్మని సాయామా. "సాయా, ఇది కూడా మీరేనా?"

"మరెవుడున్నాడే? నువ్వు లెగుతావేటి?"

"ఫ్యూజంటే నాకు బయం సాయా."

"అయితే కూకుని నవ్వు."

చివరి పని రాయబారం. ఆ పెద్దమనిషి డెబ్బై ఏళ్లకి సముద్రం దాటి, పరాయి రాజు దగ్గర తన దేశం తరఫున మాట్లాడి సాయం తెచ్చాడు. అది చెప్పి అన్నయ్య నా వైపు తిరిగాడు. "చెల్లీ, లెగు. వచ్చే ఏడు ఈ పాటం నువ్వే సెప్పాల. నా తరవాత ఈ క్లాసు నీదే."

నేను లేవలేదు. "నలుగురిలో మాట్లాడ్డం నావల్ల కాదన్నయ్యా."

"అన్ని పుస్తకాలు నమిలీసినావు, నోరు లేదేటి?"

"వచ్చే ఏడు చూద్దాంలే."

పిల్లలు నవ్వారు. అన్నయ్యా నవ్వి, ఆ పనికీ తనే లేచి నిలబడ్డాడు. తర్వాత మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఏడు వానలు తగ్గకముందే అన్నయ్య పోయాడు. గుండెపోటు.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం నేను గది తెరిచాను. ఆరుగురు వచ్చారు. తను రాసుకున్న కాగితాలు పెట్టుకుని ఆ పాఠమే చదివాను. తప్పు లేకుండా చదివాను. ఎక్కడ బర్మీస్‌లోకి వెళ్లాలో, ఎక్కడ తిరిగి తెలుగులోకి రావాలో అన్నయ్యకి పిల్లల మొహాలు చూస్తే తెలిసిపోయేది. నేను కాగితం చూస్తున్నాను. "అచ్చు పని" అన్న చోట ఆగాను. నేనే లేద్దామనుకున్నాను, లేవలేకపోయాను. తామ్వే అమ్మాయి మెల్లిగా, "సాయామా, అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను.

తర్వాతి ఆదివారం ఇద్దరు వచ్చారు. ఆపై ఆదివారం ఎవరూ రాలేదు. గంటసేపు కూర్చుని ఇంటికి వచ్చేశాను.

నాకు పాఠం చెప్పడం రాదన్నది నిజమే. కాని ఆ రోజు తను అడిగింది ముందు లేచి నిలబడమని. ఏమీ మాట్లాడక్కర్లేదు. నిలబడి ఉంటే తను చూసేవాడు. ఇప్పటికీ మధ్యాహ్నం ఒక్కదాన్నే ఉన్నప్పుడు "లెగు" అన్న ఆ గొంతు ఇంకొక్కసారి వినాలనిపిస్తుంది.

గుడి వెనక గదిలో ఇప్పుడు పిల్లలకి తెలుగు చెప్పడం లేదు.