రెండోసారి అడగని మాట

లియోనీసా ఇరవై ఆరేళ్లు సింగపూర్‌లో పరాయివాళ్ల పిల్లల్ని పెంచింది. పుట్టింది మాత్రం ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ దీవిలో, సముద్రపు ఒడ్డున ముప్పై గడపల పల్లెలో. తండ్రి ఎవరిదో కొబ్బరితోటకు కాపలా. తోట యజమానులు పొమ్మన్నప్పుడల్లా పాక విప్పుకుని ఇంకో మూలకు పోవలసిందే. అందుకే తనదంటూ ఒక గడప ఇమ్మని ప్రతి ఆదివారం ప్రభువును అడిగేది. ఇంకేమీ అడిగేది కాదు. యాభై మూడో ఏట ఆయన విన్నాడు.

తిరిగొచ్చి సొంత పల్లెలో ఆమె కొన్న ఇల్లు ఎపిఫానియో తాతది. పడవలు చేసే వడ్రంగి ఆయన. స్తంభాలు తానే చెక్కి, కిటికీలకు ముత్యపుచిప్పల పలకలు తానే బిగించి, పెళ్లినాటికి కట్టుకున్నాడు. పిల్లలు లేరు. భార్య పోయింది. కిందటేడు గాలివాన సగం కప్పు లేపేస్తే, ఎనభై ఏళ్ల మోకాళ్లతో నిచ్చెన ఎక్కలేక, చెదల పాలయ్యేకంటే ఎవరో ఒకరు దీపం పెట్టుకుంటే మేలని అమ్మడానికి ఒప్పుకున్నాడు.

గృహప్రవేశం నాడు పొద్దున్నే ఇరుగుపొరుగు వచ్చి వాకిలి ఊడ్చిపెట్టారు. మొదట ఉప్పు, బియ్యం లోపలికి వెళ్లాయి, తరవాత మేరీమాత పటం. పక్కింటి క్రిస్పీనా చెప్పకుండానే కుండెడు మంచినీళ్లు మోసుకొచ్చి వంటగదిలో దించింది.

తాత మూట కట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన ఉలులు, బాడిశ ఇంకా వెనక గది గోడకే వేలాడుతున్నాయి. లియోనీసాకు మనసు చివుక్కుమంది.

“తాతా, ఆ వెనక గది ఖాళీగానే ఉంటుంది. మీరు ఇక్కడే ఉండిపోకూడదూ?”

“అబ్బే, ఎందుకమ్మా. ముసలాణ్ణి, నీకు అడ్డం. అవతలి ఊళ్లో మేనకోడలుంది.”

“సరే తాతా, మీ ఇష్టం.”

తాత తలూపాడు. అయినా లేవలేదు. తూర్పు కిటికీ వానాకాలంలో బిగుసుకుంటుందని, కాస్త కొవ్వొత్తి రాయమని చెప్పాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. పనసచెట్టు రెండో కాపే తియ్యగా ఉంటుందన్నాడు. ఆమె అన్నిటికీ ఊఁ కొట్టింది. చివరికి పడవల రేవుకు తీసుకెళ్లే మూడుచక్రాల బండి వచ్చి ఆగింది. ఉలులు దించుకుని, గడప మీద అరచెయ్యి ఒకసారి ఆనించి ఎక్కాడు.

వారం తరవాత ఆ ఇంట్లో సాయంకాలపు ప్రార్థన ముగిసి అందరూ వెళ్లాక క్రిస్పీనా ఒక్కతే ఉండిపోయింది.

“తాతని పంపించేశావేమే లియోనీ?”

“నేను పంపడమేమిటక్కా? ఉండమనే అన్నాను. ఆయనే వద్దన్నాడు.”

“ఎన్నిసార్లు అడిగావు?”

“ఒకసారి.”

క్రిస్పీనా జపమాల సంచిలో వేసుకుంటూ నెమ్మదిగా అంది. “ఇందాక కాఫీ తాగుతావా అంటే నేనూ వద్దన్నాను. మళ్లీ అంటావని గంట నుంచీ నీ కెటిల్ వంకే చూస్తున్నాను తల్లీ. అంత దూరం పోయి మన మొహమాటాలన్నీ అక్కడే పారేసొచ్చావా?”

లియోనీసా నవ్వబోయింది. నవ్వు రాలేదు. సింగపూర్ యజమానురాలు ఏదైనా ఒక్కసారే అడిగేది. వద్దంటే వద్దే. కావాలంటే మొదటిసారే చెప్పాలి. ఆకలితో మాడి మాడి ఆమె నేర్చుకున్న పాఠం అది. ఇక్కడ మొదటి ‘వద్దు’ మర్యాదకు, రెండోది సిగ్గుకు, మూడోసారి అడిగితేనే మనిషి నోరు విప్పుతాడని చిన్నప్పుడు తనకూ తెలుసు. ముసలాయన అంతసేపు ఎందుకు కూర్చున్నాడో ఆ నిమిషాన తెలిసింది.

మర్నాడు తొలి పడవకే బయలుదేరింది. మేనకోడలు మెలిటా ఇల్లు ఇరుకైనది. అయినా తాత కోసం వెదురుతడికలతో కొత్త గది కట్టి, పిల్లల మంచం అందులో వేసింది. పిల్లలు చాప మీద పడుకుంటున్నారు. తాత అరుగు మీద బొమ్మ పడవ చెక్కుతున్నాడు.

“మన ఇంటికి పోదాం రండి తాతా.”

“అబ్బే, ఎందుకమ్మా.”

“గది ఊడ్చి ఉంచాను. రండి.”

ఆయన సముద్రం వైపు చూశాడు.

“మీరు రాకపోతే నాకు అన్నం సయించదు. నా మాట కాదనకండి.”

తాత ఉలి కింద పెట్టాడు. “ఆ రోజు మెట్ల మీద ఇదే మాట కోసం కూర్చున్నాను తల్లీ. నీ తప్పేం లేదు, దూరదేశపు అలవాటు. మెలిటా నన్ను నాలుగుసార్లు అడిగింది. సరే అన్నాను. ఇప్పుడు లేచొచ్చేస్తే, తిండి పెట్టలేక తరిమేసిందని ఊరంతా దాన్ని అంటారు. నా కోసం పిల్లల మంచం తీసిచ్చిన పిల్ల అది.”

లోపల మెలిటా గరిటె చప్పుడు ఆగిపోయింది. లియోనీసా దీవెన కోసం ఆయన చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది. ఆ చేతికి ఇంకా చెక్కపొట్టు అంటుకునే ఉంది.

“మన ఊరి చర్చి పండక్కైనా వస్తారా తాతా?”

“వస్తానమ్మా, ఎందుకు రాను.”

తిరుగు పడవలో నలుగురైదుగురు మనుషులు, రెండు కోళ్లబుట్టలు. ఎవరో జరిగి ఆమెకు నీడనిచ్చారు. ఆమె ఆ ‘వస్తాను’నే తలుచుకుంటూ కూర్చుంది. అది నిజంగా వచ్చే ‘వస్తాను’ అయినా కావచ్చు, ఆమె మనసు నొప్పించలేక అన్నదైనా కావచ్చు. ఒకప్పుడు గొంతు వినగానే పోల్చుకునేది. ఇప్పుడు ఎంతసేపు ఆలోచించినా తేల్చుకోలేకపోయింది.