చెవికి అందిన చెయ్యి

బాలస్వామిని బడిలో చేర్చుకున్నది నేనే. వాడి బతుకు పాడుచేసిందీ నేనే.

ప్రత్తిపాడు బడిలో నేను మాస్టారుగా ఉన్న రోజుల్లో పిల్లల వయసు తేల్చడానికి ఒకటే పద్ధతి. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఐదేళ్లు నిండినట్టు. మూడున్నరేళ్ల బాలస్వామికి అందలేదు. వాళ్లమ్మ రూతమ్మకేమో మిరపకోతలకు పోక తప్పదు. "మీ దగ్గరుంటే నీడపట్టునుంటాడయ్యా" అని బతిమాలింది. జాలిపడి వాడి వేళ్లు నేనే లాగి చెవికి తగిలించాను. ఐదేళ్లు నిండేలా లెక్క చూసి రిజిస్టరులో జూన్ ఒకటి అని రాసేశాను. పెద్ద మేలు చేశాననుకున్నాను!

పై తరగతిలో రోమ్ సైన్యం గురించి చెప్పిందీ నేనే. ఆ దేశపు పౌరులు కాని సిపాయిలు ఇరవై ఐదేళ్లు కొలువు చేస్తే, ఇక నువ్వు మావాడివేనని కంచురేకు మీద రాసిచ్చేవారని చెప్పాను. బాలస్వామి అది మర్చిపోలేదు.

ఇప్పుడు వాడు హోంగార్డు. పదహారేళ్లుగా గుంటూరులో మిర్చి లారీల మధ్య నిలబడి ట్రాఫిక్ నడుపుతున్నాడు. వేసుకునేది ఖాకీయే, పీల్చేది ఆ ఘాటు దుమ్మే, కానీ పోలీసు మాత్రం కాదు. నిన్నగాక మొన్న చేరిన కానిస్టేబుల్ కూడా "ఒరేయ్" అని పిలుస్తాడు. హోంగార్డుల కోటాలో కానిస్టేబుల్ కావాలన్నదొక్కటే వాడి ఆశ.

ఈసారి నోటిఫికేషన్ పడగానే బ్రాడీపేట నెట్ సెంటరులో దరఖాస్తు నింపబోతే కంప్యూటరు పుట్టినతేదీ దగ్గరే ఆగిపోయింది. వయోపరిమితి దాటి ఏడాదైందట. నిజం వయసు ప్రకారం ఇంకా ఆరు నెలలుంది.

చర్చిలో అసలు పుట్టినతేదీ ఉన్న బాప్తిస్మపు రిజిస్టరు నకలు రాయించుకుని నా దగ్గరికొచ్చాడు.

"మాస్టారూ, మీరొచ్చి ఒక్క మాట చెప్పండి."

వెళ్లాను. పోలీసు ఆఫీసులో గుమాస్తాకు జరిగిందంతా చెప్పాను. అతను పదో తరగతి సర్టిఫికెట్ మీద వేలు పెట్టాడు.

"మాకు ఇదేనండి వయసు. అయినా అప్పుడు రాసింది మీరే కదండీ?"

నా మీద నాకే అసహ్యం వేసింది.

బయటికొచ్చాక బాలస్వామి, "రోమ్ వాళ్లే నయం మాస్టారూ. ఎన్నేళ్లు చేశావనే అడిగారు, ఎప్పుడు పుట్టావని అడగలేదు" అన్నాడు.

తర్వాత రోడ్డు పక్కన, ఆ ఖాకీ బట్టల్లోనే, కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకున్నాడు.

"ఇప్పుడైతే బాగా అందుతోందండీ."

నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాను. అంతకంటే నేను చేయగలిగిందేమీ లేదు.