మొక్కలకిచ్చిన పడక

హరిబాబు తన రిపేరు షెడ్డులో నవారు పట్టీని ఇనుప చట్రానికి చుట్టి, మోకాలు ఆనించి లాగాడు. వ్యాను కేబిన్‌లో, డ్రైవరు సీటు వెనక అమర్చే సన్నటి పడక అది. ఒక్క వరస వదులైనా పడుకున్నవాడి నడుం కుంగిపోతుంది.

రెండేళ్ల కిందటి దాకా అక్కడ చెక్క బల్ల ఉండేది. కడియపులంకలో నర్సరీ నడిపే శివరామకృష్ణ గారు దాన్ని తీయించేశారు. దారిలో గాలి కొడితే లేత మొక్కలు వాడిపోతాయట, వాటిని కేబిన్‌లో పెట్టాలట. ఆ బల్ల కింది ఇనుప కమ్మీల్ని గ్రైండరుతో కోసింది హరిబాబే. శుభ్రంగా కోశాడు. డ్రైవరు ఎక్కడ పడుకుంటాడని అడగలేదు.

కిందటి నెల పుణెకి మొక్కలు తీసుకెళ్తూ డ్రైవరు తాతాజీ, పట్టపగలు పదకొండింటికి, ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దాడు. రోడ్డు మీద బ్రేకు వేసిన జాడ లేదు. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. చూడటానికి వెళ్లిన హరిబాబుతో అతను చెప్పింది ఇంతే.

"కళ్లకింద బామ్ రాసుకున్నానన్నా. టీలు తాగాను. వెనకటి టోల్‌గేటు ఎప్పుడు దాటానో గుర్తులేదు. అప్పుడే ఆపాల్సింది. ఆపి ఎక్కడ పడుకోను, కుండీల మీదా?"

ఇక ఆ వ్యాను తాతాజీ తమ్ముడు ఉదయభాస్కర్ తోలాలి. హరిబాబు సొట్టలు తీశాడు, డోరు మార్చాడు, రంగు వేశాడు. పడక మాత్రం ఎవరూ అడగలేదు.

వ్యాను తీసుకెళ్లడానికి ఓనరూ ఉదయభాస్కరూ వచ్చారు. శివరామకృష్ణ గారు కేబిన్‌లోకి తొంగి చూశారు.

"ఏంటయ్యా, ఈ మంచం ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ చెప్పలేదండి."

"మరి మొక్కలో?"

"వెనకాలే పెట్టి చుట్టూ పరదా కట్టించండి. గాలి ఆగుతుంది."

ఆయన నవారుని అరచేత్తో నొక్కారు. "దీని మీద కుండీ నిలబడదే."

"నిలబడదనే నవారు అల్లానండి."

"వాళ్లన్న నిద్రపోతే తప్పు నాదా? ముప్పై గంటలు మేలుకోలేనివాడు డ్రైవరెలా అయ్యాడు? మా అమ్మాయి పెళ్లికి నేను మేలుకోలేదూ?"

"పెళ్లయ్యాక ఎంతసేపు పడుకున్నారండి?"

ఆయన మళ్లీ పడక వైపు చూశారు. "పైన ప్లైవుడ్ ముక్క వేస్తే సరిపోతుందిలే," అన్నారు.

హరిబాబుకి తెలుసు, సరిపోతుంది. అయిదు నిమిషాల పని.

అతను ఉదయభాస్కర్ వైపు తిరిగాడు. "వరసగా ఆవలింతలొస్తే ఇంకో ఊరు దాటేద్దాం అనుకోకు. దాబా కనపడగానే ఆపి అరగంట పడుకో. టీ ఆ తర్వాత. బయల్దేరే ముందు రోజు ఇంట్లో నిండా నిద్రపో."

"అలాగేనన్నా," అన్నాడు ఉదయభాస్కర్, ఓనరు మొహం చూస్తూ.

తాళాల కోసం శివరామకృష్ణ గారు చెయ్యి చాపారు. హరిబాబు వాటిని ఉదయభాస్కర్ చేతిలో పెట్టాడు.