జోడింజన్ల బావ

మా బావ ఏ రైలింజన్నీ ఒంటరిగా నడవనివ్వడు. బావ అంటే మా ఆవిడకు అన్నగారు. వృత్తి కళ్లజోళ్ల దుకాణం. ప్రాణం మాత్రం లైబ్రరీ వెనక గదిలో, బల్లలు కలిపి మా క్లబ్బువాళ్లం కొందరం వేసుకున్న బొమ్మ రైలు పట్టాల మీద. అరచేతిలో పట్టే పెట్టె ఒక్కటి లాగాలన్నా ఆయనకు రెండు ఇంజన్లు కావాలి. రెండు పెట్టెలుంటే మూడు. ఒకసారి పెట్టెలేవీ లేకుండానే నాలుగు ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి తగిలించి సాయంత్రమంతా తిప్పాడు.

"ఏం మోస్తున్నాయి బావా ఇవి?" అన్నాను.

"బాధ్యత," అన్నాడు.

కారణం అడిగితే వారానికొకటి చెప్పేవాడు. ఎండాకాలం పట్టాలు సాగాయనేవాడు. వానాకాలం గాలి బరువెక్కిందనేవాడు. మరీ గుచ్చి అడిగితే, "ఏం, ఇంజన్‌కి మాత్రం బెంగ ఉండదా?" అని మన మీదే విరుచుకుపడేవాడు.

రెండు ఇంజన్లను జతచేయడం మాటలు కాదు. ఒకటి పరుగెత్తి, ఇంకొకటి నింపాదిగా నడిచిందా, ముందుది ఈడుస్తుంది, వెనకది మొరాయిస్తుంది, పెట్టెలు పట్టాలు తప్పి బోర్లాపడతాయి. బావ పోరు పడలేక మా క్లబ్బులోని పళ్ల డాక్టరుగారు జతచేసిన ఇంజన్లు రెండూ ఎప్పుడూ అలా కొట్టుకు చచ్చేవే. ముందు నా ఆకుపచ్చ ఇంజన్, దాని వెనక బావ నల్ల ఇంజన్ మాత్రం ఒకే ప్రాణంలా నడిచేవి.

"మీ ఇంజన్ ఎంత బాగా సర్దుకుపోతుందండీ!" అన్నారు ఓసారి డాక్టరుగారు.

"యజమాని పోలిక," అన్నాను.

మా ఆవిడకు పొలమారింది.

ఆ ఇంజన్ ఒళ్లంతా ఒక వానాకాలం కూర్చుని నేనే చేశాను. పూత మీద పూత వేసి రంగు తేల్చాను. ఇంట్లో ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఇక వాళ్లతో మాటల్లేవని ప్రకటించాను. కొన్నాళ్లకు బావే, "ఇంట్లో దుమ్ము పడుతుంది, నా దగ్గర ఉండనీ" అంటూ క్లబ్బు అల్మారాలో పెట్టి తాళం వేసుకున్నాడు. అప్పటినుంచి దాన్ని పట్టాల మీద పెట్టడం, తీయడం, నూనె చుక్క వేయడం అన్నీ ఆయనే. నన్ను చెయ్యి వేయనిచ్చేవాడు కాడు. అసూయ అనుకున్నాను. బండి లాగుతున్నది నా ఇంజనేననీ, ఆయనది వెనకాల ఊరికే ఊరేగుతోందనీ నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని కడుపులో ఉంచుకుంటే బాగుండేది. క్లబ్బు ప్రదర్శన రోజున, గదినిండా జనం ఉండగా, డాక్టరుగారి దగ్గర బయటపెట్టేశాను.

"మా బావ ఇంజన్ ఉత్త అలంకారమండీ. సొరంగం దగ్గర ఆ ఎత్తు మీదికి బండిని ఎక్కించేది నాదే."

"అయితే ఒంటరిగా ఎక్కించండి," అన్నారాయన, పన్ను పీకే ముందు నవ్వే నవ్వు నవ్వుతూ. "ఎక్కితే ఏడాదిపాటు పట్టాలు నేను తుడుస్తాను. ఎక్కకపోతే మీరు."

పట్టాలు తుడవడమంటే బల్లల కింద దూరి, సొరంగాల్లో చేతులు పెట్టి, మోకాళ్లు అరగదీసుకోవాలి. అయినా అందరూ చూస్తున్నారు. "సరే" అన్నాను.

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇవాళ వద్దు బావా. కరెంటు నీరసంగా ఉంది."

"లైట్లన్నీ వెలుగుతున్నాయిగా!"

"లైట్లకేం, కూర్చున్నచోట వెలుగుతాయి. అవేమన్నా ఎత్తు ఎక్కాలా?"

జనం ఘొల్లుమన్నారు. బావ నవ్వలేదు. గుడ్ల మీద కోడిలా, బండ్లను నడిపే కంట్రోలర్ మీదికి వంగి, రెండు చేతులూ కప్పేశాడు.

"నా బల్ల మీద ఒంటరి ఇంజన్ నడవదు. నన్ను పిచ్చివాడనుకోండి."

"అనుకుంటూనే ఉన్నాం," అన్నారు డాక్టరుగారు.

ఇంతలో మా ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఏమండీ, ఇంటికి పోదాం. తలనొప్పిగా ఉంది."

"ఒక్క నిమిషం. మన ఇంజన్ ప్రతాపం చూసి పోదువుగాని."

ఆమె వేళ్ల మధ్య చేతిసంచి పట్టీ నలిగిపోతోంది. నాకెందుకు కనిపిస్తుంది? బావ అడ్డుపడేలోపు కొక్కెం తప్పించి, నా ఇంజన్ని పైకెత్తాను.

ఖాళీ అగ్గిపెట్టెలా లేచి వచ్చింది.

తిరగేసి చూశాను. ముందు దీపానికి ఒక సన్నని తీగ ఉంది. మోటార్ ఉండాల్సిన చోట కళ్లజోళ్లు తుడిచే గుడ్డ కుక్కి ఉంది.

బావ నా చెవిలో గబగబా గొణిగాడు. "మీ ఇంట్లో అల్మారా దులుపుతుంటే చెల్లాయి చేతిలోంచి జారిందట. మోటార్ పాడైంది, అలాంటిది ఇంకొకటి ఎక్కడా దొరకలేదు బావా, నేను అడగని దుకాణం లేదు. నువ్వు మాట్లాడడం మానేస్తావని ఒకటే ఏడుపు. నీదొక్కదానికే తోడు పెడితే అనుమానం వస్తుందని, ఉన్నవాటన్నిటికీ పెట్టాను."

మా ఇంజన్లు ఎందుకు కొట్టుకోలేదో అప్పటికి అర్థమైంది. కొట్టుకోవాలంటే రెండో మోటారంటూ ఉండాలి కదా! చెల్లెలి చెయ్యి ఒక్కసారి జారినందుకు ఈయన క్లబ్బులో ఇంజన్లన్నిటికీ జతలు కట్టి, పిచ్చివాడనే పేరు మోస్తున్నాడు.

తలెత్తాను. మా ఆవిడ నావైపే చూస్తోంది. అరుస్తానా లేదా అని కాదు, ఎప్పుడు మొదలుపెడతానా అని.

"ఏమైందండీ? పంపండి!" అన్నారు డాక్టరుగారు.

ఇంజన్ని మెల్లగా పట్టాల మీద పెట్టాను. కొక్కెం మళ్లీ బావ ఇంజన్‌కి తగిలించాను.

"పంపనండీ," అన్నాను. "దీనికి బెంగ."

గది దద్దరిల్లిపోయింది. "ఇది అంటుజబ్బన్నమాట!" అంటూ డాక్టరుగారు పట్టాలు తుడిచే గుడ్డ తెచ్చి నా భుజాన వేశారు. బావ ఆయనకేసి చూడలేదు, నాకేసీ చూడలేదు. తన కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు.

తర్వాతి ఆదివారం నేను బల్ల కింద దూరి, సొరంగంలో చెయ్యి పెట్టి పట్టాలు తుడుస్తుంటే, అవతలి వైపు నుంచి ఇంకో గుడ్డ ఎదురొచ్చింది. దాని వెనక మా ఆవిడ.

"మీరు కోప్పడనంటే ఒకటి చెప్తాను," అంది.

"ఇంజన్ సంగతేగా? తెలిసిపోయిందిగా."

"అది కాదండీ. మీరు మొన్న రంగు వేసి కిటికీలో ఆరబెట్టిన ఎర్ర పెట్టె..."

"ఊఁ?"

"పొద్దున్నే అన్నయ్యకు ఇచ్చొచ్చాను."

నేను నోరు తెరిచేలోపే మా నెత్తిన, బల్ల పక్కనుంచి బావ గొంతు ఖంగుమంది.

"డాక్టరుగారూ! ఇవాళ్టి నుంచి నా బల్ల మీద ఎర్ర పెట్టెలు తిరగడానికి వీల్లేదండీ. ఆ రంగు కళ్లకు మంచిది కాదు."