నాయిన పని

గోదావరిఖని బజార్ల చెప్పుల దుకాణం అరుగు మీద కూర్చుని మొగిలి బ్యాగులు కుడతాడు. మైనం రాసిన దారాన్ని పళ్ల మధ్య పట్టి లాగుతాడు; మాట్లాడాల్సొస్తే దారం వదిలి, మళ్లీ కరుస్తాడు. ఒకప్పుడు బొగ్గుబాయి డ్యూటీ దిగి వచ్చి వాళ్ల నాయిన కూర్చుని కుట్టిన జాగా అది. ఆయాసంతో నాయిన బాయి పనికి అన్‌ఫిటైనప్పుడు, ఆయన బదులు కొడుక్కిచ్చే వారసత్వపు నౌకరి అన్న సదయ్యకు వచ్చింది. మొగిలికి నాయిన దబ్బనం, కింద పరుచుకునే గోనెపట్టా మిగిలాయి. "నీకేం రాకపాయెరా" అని సదయ్య ఎప్పుడొచ్చినా జాలిపడతాడు. మొగిలి దారం కరిచి కుట్టు సాగిస్తాడు.

ఆ రోజు ఆఫీసరు భార్య సుహాసిని, పిడి ఊడిన ఫ్రాన్సు బ్యాగు తెచ్చింది. అతను కుడుతుంటే దాని కథ చెప్పింది. మొదట ఒకాయన ప్రయాణాలకు పెట్టెలు చేసేవాడట. తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు అదే పనిలోకి వచ్చారట. మొగిలి దారం వదిలాడు.

"తండ్రి అన్‌ఫిటయ్యిండా అమ్మా, కొడుక్కియ్యనీకి?"

ఆమె నవ్వింది. "అక్కడ అలాంటివేం ఉండవయ్యా. నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాడు, అంతే."

ఆమె బ్యాగు తీసుకుని వెళ్లాక, అతను నాయిన దబ్బనాన్ని చేతిలో తిప్పి చూసుకున్నాడు.

సాయంత్రం సదయ్య పట్టీ తెగిన టిఫిన్ సంచి తెచ్చి, అలవాటుగా అదే మాట అన్నాడు. మొగిలి కుట్టు ముగించి దారం తెంపాడు. సంచి అన్న చేతికిచ్చాడు.

"నాయిన నౌకరి నీకచ్చింది అన్నా. నాయిన పని నాకచ్చింది."