అవ్వ తలుపు తీసింది

విడి భాగాలను తీగలతో కలిపి మోగించే మాడ్యులర్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం నేర్చుకుంటున్నాను. హిందూపురంలో మా ఇంట్లో అది మోగిందంటే అవ్వ తలుపేసుకునేది. శబ్దం పుట్టించే ఆసిలేటర్ ఒక్కటే ఉండటంతో, దోమ రొదలా వినబడేదట.

ఈ రోజు ఇంకో రెండు ఆసిలేటర్లు కలిపాను. ఒకటి షడ్జమానికి, ఒకటి పంచమానికి, మూడోది కింది షడ్జమానికి శ్రుతి చేసి, ఆ స్వరాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపాను. గదంతా నిండుగా మోగింది.

అవ్వ తలుపు తీసి వచ్చింది.

"తంబూర యాడ తెచ్చినావప్పా?"

"ఈ పెట్టెలోనిదే అవ్వా. ఆపేదా?"

"ఆపొద్దు. అట్లే ఉండనీ."

పక్కన కూర్చుని, తాత పోయినాక ఎన్నడూ పాడని తత్వం ఎత్తుకుంది. గొంతు వణికింది గానీ శ్రుతి తప్పలేదు. ఆమె ముగించేదాకా నేను కదల్లేదు.

నాలుగో ఆసిలేటర్‌కి ఇక ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరనుకుంటా. మీ మోతను మొదట మెచ్చిన మనిషి ఎవరు?